పాలపళ్ళ రక్షణ పసిబిడ్డల హక్కు

(తల్లులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, మక్తబ్ ఉపాధ్యాయులు పాల్గొన్న ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక పిల్లల దంతవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి చర్చించే ఈ వేదికపై పసిపిల్లల పళ్ళ గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. విద్య, ఉపాధి, భద్రత వంటి పెద్ద సమస్యల నడుమ పాలపళ్ళ ప్రస్తావన కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, పాలపళ్ళు పుచ్చిపోయి బాధపడుతున్న పిల్లలు ప్రపంచంలో 51 కోట్లకు పైగా ఉన్నారు. ఈ వ్యాధిని నివారించే మార్గాలు దశాబ్దాలుగా తెలిసినవే. అవి ఖరీదైనవి కూడా కావు. అయినా ఆ నివారణ ఫీజు చెల్లించగలిగిన ఇళ్ళ పిల్లలకు అందుతోంది. మన మహల్లాల్లో, తండాల్లో, వాడల్లో పెరిగే పిల్లలకు అందడం లేదు. అందువల్ల ఇది హక్కుల వేదికకు తగిన విషయమేనని నేను భావిస్తున్నాను.

'ఊడిపోయే పళ్ళే కదా!'

ఈ మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. దీనిని కాస్త పరిశీలిద్దాం. బిడ్డకు సుమారు ఆరవ నెలలో మొదటి పాలపన్ను వస్తుంది. మూడేళ్ళు నిండేసరికి 20 పాలపళ్ళూ వచ్చేస్తాయి. వీటిలో ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడుతాయి. వెనుకనున్న దవడపళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ వరకు నోట్లో ఉండవలసినవి. అంటే మూడేళ్ళ వయసులో దవడపన్ను పుచ్చిన బిడ్డ ఆ పంటితోనే మరో ఏడెనిమిదేళ్ళు అన్నం నమలాలి.

పిప్పి లోపలి నరం దాకా చేరితే నొప్పి, చీము, చెంపవాపు, జ్వరం వస్తాయి. రాత్రి నిద్ర కరువవుతుంది. నమలలేని బిడ్డ తిండి తగ్గిస్తుంది, బరువు పెరగదు. పంటిని గడువుకు ముందే తీసివేయవలసి వస్తే, పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, లోపల ఎదుగుతున్న శాశ్వత దంతానికి దారి లేకుండా చేస్తాయి. అది వంకరగా వస్తుంది, లేదా దవడలోనే చిక్కుకుంటుంది.

మూడేళ్ళ పసివాడు 'నాకు పన్ను నొప్పి' అని చెప్పలేడు. ఒక వైపే నమలడం, చల్లని నీళ్ళు తాగి ఏడవడం, తింటూ తింటూ మధ్యలో గిన్నె తోసివేయడం వంటి చేష్టల్లోనే ఆ బాధ బయటపడుతుంది. మారాం చేస్తున్నాడని మనం కసురుకుంటాం. అందుకే నొప్పి మొదలైన తర్వాత చేసే చికిత్సకన్నా, నొప్పి రాకముందు అందే రక్షణ గురించి ఈ రోజు ఎక్కువగా చెప్పదలచుకున్నాను.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పంటికి పురుగు పట్టిందని మనం అంటాం. నిజానికి అక్కడ కంటికి కనిపించే పురుగేదీ ఉండదు. పంటిపై పేరుకునే పాచిలో సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తినే చక్కెరే వాటికి ఆహారం. చక్కెర తిని అవి ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. తినడం ఆపిన తర్వాత సుమారు అరగంట, ముప్పావుగంటలో లాలాజలం ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను తిరిగి పంటికి చేర్చడం మొదలుపెడుతుంది. కరగడం, కుదురుకోవడం ప్రతిరోజూ మన నోట్లో జరుగుతూనే ఉంటాయి. కరగడానిదే పైచేయి అయినప్పుడు పన్ను పుచ్చుతుంది.

దీనిని బట్టి ఒక సంగతి గ్రహించాలి. చక్కెర ఎంత తిన్నామన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. పొద్దున చాయ్‌లో ముంచిన బిస్కెట్టు, తర్వాత బన్ను, మధ్యాహ్నం చాక్లెట్టు, సాయంత్రం మళ్ళీ చాయ్, రస్కు. ఇలా గంటగంటకూ తీపి తగులుతుంటే లాలాజలానికి పంటిని బాగుచేసే వ్యవధి దొరకదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది రాత్రి పక్కలో పెట్టే పాలసీసా. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. చక్కెర కలిపిన పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. అందుకే రెండేళ్ళ పిల్లల్లో మొదట పుచ్చేవి పై ముందు పళ్ళు. కింది ముందు పళ్ళను నాలుక, లాలాజలం కొంతవరకు కాపాడతాయి.

పన్ను ఒక్కరోజులో గుంటపడదు. మొదట చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చార కనిపిస్తుంది. ఆ దశలో పంటిని తిరిగి గట్టిపరచవచ్చు. చార గోధుమరంగుకు తిరిగి గుంటపడితే ఆ అవకాశం చేజారుతుంది. తల్లులారా! నెలకొకసారి బిడ్డను వెలుతురులో ఒడిలో పడుకోబెట్టుకుని, పై పెదవి ఎత్తి చూడండి. దీనికి డాక్టరు అక్కరలేదు, ఫీజు అక్కరలేదు.

ఫ్లోరైడ్ అంటే మనకున్న భయం

పంటిని గట్టిపరిచే పదార్థం ఫ్లోరైడ్ అని చెప్పగానే ఈ సభలో కొన్ని ముఖాలు మారాయి. ఆ అనుమానం సహజమైనదే. మన తెలుగు నేలపై ఫ్లోరైడ్ అన్నది వంగిపోయిన వెన్నులకు, వంకర తిరిగిన కాళ్ళకు మారుపేరు. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో వైద్యులు తొలిసారిగా నమోదు చేసింది నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ ప్రజలు తరతరాలు అనుభవించిన బాధ దేశమంతటికీ తెలుసు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరు స్థిరపడింది. అటువంటి నేలపై నిలబడి ఫ్లోరైడ్ మేలు చేస్తుందని చెప్పేవారు దానికి తగిన వివరణ ఇచ్చి తీరాలి.

వివరణ మోతాదులో ఉంది. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీటిని రోజుకు ఒక లీటరు తాగే బిడ్డ శరీరంలోకి 4 మిల్లీగ్రాములు పోతాయి. అది రోజూ, ఏళ్ళ తరబడి పోయి ఎముకల్లో చేరుతుంది. ఇక టూత్‌పేస్టు లెక్క చూడండి. మన దేశ నిబంధనల ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పిపిఎమ్‌కు మించరాదు. అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బియ్యపు గింజంత పేస్టులో ఉండేది సుమారు 0.1 మిల్లీగ్రాము. రెండు పూటలా తోమి, బిడ్డ మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాము.

రెండో భేదం అది పనిచేసే తీరులో ఉంది. టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైభాగంలోనే పనిచేస్తుంది. కరిగిపోతున్న ఎనామిల్‌లోకి ఖనిజాలు తిరిగి చేరేటప్పుడు అది వాటితో కలిసి, ఆమ్లానికి అంత సులభంగా లొంగని పొరను ఏర్పరుస్తుంది. అందుకు అది కడుపులోకి పోవలసిన అవసరం లేదు. పైగా శాశ్వత దంతాలు దవడలో రూపుదిద్దుకునే తొలి సంవత్సరాల్లో ఎక్కువ ఫ్లోరైడ్ మింగితే ఆ పళ్ళపై మచ్చలు వస్తాయి. కాబట్టి ఐదేళ్ళలోపు పిల్లల విషయంలో నియమం ఇది: ఫ్లోరైడ్ పంటికి తగలాలి, పొట్టకు చేరకూడదు.

ఆచరణలో ఇలా చేయండి. మొదటి పన్ను వచ్చిన నాటి నుంచే మెత్తని చిన్న బ్రష్‌తో తోమడం మొదలుపెట్టండి. మూడేళ్ళ వరకు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్ పొడవునా పిండరాదు. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోమాలి. రాత్రి తోమిన తర్వాత నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వరాదు. ఆరేడేళ్ళ దాకా పెద్దలే తోమాలి. పేస్టు కొనేటప్పుడు పెట్టెపై పిపిఎమ్ అంకె చూడండి. పిల్లల పేస్టు పేరిట అమ్మేవాటిలో కొన్నిటిలో ఫ్లోరైడ్ ఉండనే ఉండదు. బొమ్మకు, రుచికి డబ్బు చెల్లిస్తాం, రక్షణ మాత్రం దొరకదు.

మీ ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసి ఉంటే, ముందు ఆ నీటిని మాన్పించాలి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ అది చిక్కబడుతుంది. అటువంటి ఊళ్ళలో పేస్టు, పూతల విషయం దంతవైద్యుల సలహాతో నిర్ణయించుకోవాలి.

మిస్వాక్ గురించి తప్పక అడుగుతారని తెలుసు. మిస్వాక్, వేపపుల్ల పాచిని తొలగించడానికి మంచి సాధనాలే. నోటి శుభ్రతను నిత్యజీవితంలో భాగం చేసిన ఆ అలవాటు గౌరవించదగినది. అయితే రెండేళ్ళ బిడ్డ పుల్ల నమిలి తోముకోలేడు, పంటిని గట్టిపరిచేంత ఫ్లోరైడ్ దాని నుంచి అందదు. పెద్దలు మిస్వాక్ వాడుకోవచ్చు, పసివారికి పేస్టు కూడా కావాలి. బొగ్గుపొడి, గరుకు పళ్ళపొడులు ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిసిన పొడిని పిల్లల దరిదాపుల్లోకి కూడా రానీయకండి.

వార్నిష్, సీలెంట్

పేస్టు ఇంట్లో జరిగే రక్షణ. వైద్య సిబ్బంది చేతుల మీదుగా జరిగే రక్షణ రెండు రకాలు.

మొదటిది ఫ్లోరైడ్ వార్నిష్. ఇది జిగురులాంటి పూత. ఒక చిన్నారికి కొన్ని చుక్కలు చాలు. పళ్ళను తుడిచి, చిన్న కుంచెతో పూస్తారు. రెండు మూడు నిమిషాల పని. సూది లేదు, మరచక్రం లేదు, దంతవైద్యుని కుర్చీ కూడా అవసరం లేదు, తల్లి ఒడిలోనే పూయవచ్చు. పూత పంటికి అంటుకుని గంటల తరబడి ఫ్లోరైడ్‌ను నెమ్మదిగా విడుదల చేస్తుంది. పళ్ళు కొద్దిగా పసుపుగా కనిపిస్తే కంగారుపడకండి, మర్నాడు తోమితే పోతుంది. బిడ్డకు ఆస్తమా గానీ, ఏవైనా అలర్జీలు గానీ ఉంటే ముందే చెప్పాలి. సంవత్సరానికి కనీసం రెండుసార్లు పూయించాలి. కోక్రేన్ సంస్థ 2013లో ప్రచురించిన సమీక్షలో వార్నిష్ పూసిన పిల్లల్లో పాలపళ్ళ పుచ్చు సగటున 37 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. తర్వాతి కొన్ని అధ్యయనాల్లో ప్రయోజనం ఇంతకన్నా తక్కువగా కనిపించింది. వార్నిష్ పూయించాం కాబట్టి తోమనక్కరలేదు, పాలసీసా ఆపనక్కరలేదు అనుకోరాదని దీని అర్థం.

రెండవది సీలెంట్. దవడపళ్ళ పైభాగాన్ని గమనిస్తే దుక్కి చాళ్ళలాంటి సన్నని గాడులు కనిపిస్తాయి. వాటిలో కొన్ని బ్రష్ కుచ్చు దూరలేనంత ఇరుకైనవి. ఆహారం, పాచి అక్కడే చిక్కుకుని, దవడపళ్ళలో పుచ్చు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ఆ గాడులను ముందుగానే మూసివేసే పలుచని పూతే సీలెంట్. 1955లో అమెరికన్ దంతశాస్త్రవేత్త మైకేల్ బూనోకోర్ పంటిపై కొద్దిపాటి ఆమ్లం రాస్తే పూత గట్టిగా పట్టుకుంటుందని కనుగొన్నారు. నేటి సీలెంట్లకు అదే పునాది. పంటిని శుభ్రపరచి, జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, ద్రవరూపంలోని రెసిన్‌ను గాడుల్లోకి పోస్తారు. నీలికాంతి సోకగానే అది గట్టిపడుతుంది. పన్ను తడిగా ఉంటే రెసిన్ అంటుకోదు. కుదురుగా కూర్చోని చిన్నపిల్లలకు, కొంత తేమను తట్టుకునే గ్లాస్ అయనోమర్ పూత వాడతారు. ఆరు నెలలకోసారి చూపించి, ఊడితే మళ్ళీ వేయించాలి.

ఏది ఎవరికి? ముందు పళ్ళ నునుపైన భాగాలకు, చిగురు అంచులకు సీలెంట్ పనికిరాదు. అక్కడ వార్నిష్, పేస్టు కావాలి. కాబట్టి మూడేళ్ళలోపు ప్రధాన రక్షణ ఫ్లోరైడే. మూడేళ్ళు దాటి, లోతైన గాడులున్న పాలదవడపళ్ళకు సీలెంట్ ఉపయోగపడుతుంది. ఆరేళ్ళ వయసును మాత్రం ఎవరూ మరవకండి. అప్పుడు చివరి పాలపన్ను వెనుక, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడపన్ను వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దానిని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండవలసిన శాశ్వత దంతం. అది పూర్తిగా పైకి రాగానే సీలెంట్ వేయించండి.

అప్పటికే గుంటపడిన పాలపళ్ళకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది. ఒక చుక్క రాస్తే పుచ్చు వ్యాపించడం చాలావరకు ఆగుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అయితే ఇది పుచ్చిన భాగాన్ని శాశ్వతంగా నల్లగా మారుస్తుంది. ఈ సంగతి ముందే చెప్పి, తల్లిదండ్రుల సమ్మతి తీసుకున్న తర్వాతే రాయాలి. ఉచిత శిబిరంలోనైనా సరే, పేదవారి బిడ్డకైనా సరే, ఈ నియమం మారదు. అడిగి తెలుసుకునే అధికారం మీకుంది.

ఇవన్నీ మన పిల్లలకు ఎలా అందాలి?

స్కాట్లాండ్ ఉదాహరణ చూద్దాం. 2003లో అక్కడ బడిలో చేరే వయసు పిల్లల్లో కంటికి కనిపించే పుచ్చు లేనివారు 45 శాతం మాత్రమే. పేదవాడల్లో పరిస్థితి మరింత దయనీయం. 'చైల్డ్‌స్మైల్' పేరిట ప్రభుత్వం ఒక కార్యక్రమం చేపట్టింది. నర్సరీల్లో ప్రతిరోజూ పెద్దల పర్యవేక్షణలో పిల్లలందరితో ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోమించారు. వెనుకబడిన ప్రాంతాల పిల్లలకు ఏడాదికి రెండుసార్లు వార్నిష్ పూశారు. 2018 నాటికి పుచ్చు లేని పిల్లలు 71 శాతానికి చేరారు. చికిత్స ఖర్చులో ఆదా అయిన సొమ్ము పళ్ళు తోమించడానికి అయిన ఖర్చును మించింది.

ఆ నర్సరీ స్థానంలో మనకు అంగన్‌వాడీ ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా వాడవాడకూ ఒక కేంద్రం ఏర్పడింది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుసార్లు సందర్శించాలి. అవి పరీక్షించవలసిన సమస్యల జాబితాలో దంతవ్యాధులు కూడా ఉన్నాయి. వార్నిష్ పూయవలసింది కూడా ఏడాదికి రెండుసార్లే. వచ్చే బృందం అదే, చూసే నోరు అదే. శిక్షణ పొందిన సిబ్బంది, ఒక కుంచె, కొన్ని చుక్కల మందు తోడైతే చాలు. పుచ్చును చూసి రాసుకుని వెళ్ళిపోయే పరీక్ష, పుచ్చకుండా ఆపే సేవగా మారుతుంది.

ఆరేళ్ళు నిండే వరకు బాలలందరికీ సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 45వ అధికరణం చెబుతోంది. 'అందరికీ' అన్న మాటలో మన బస్తీలు కూడా ఉన్నాయి. ముస్లింలు అధికంగా నివసించే గ్రామాల్లో వైద్య సదుపాయాల కొరతను 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఎత్తిచూపింది. కాబట్టి ఈ సభ నుంచి కొన్ని కోరికలు లిఖితపూర్వకంగా అధికారులకు వెళ్ళాలని నా అభ్యర్థన.

మొదటిది, మన వాడలో అంగన్‌వాడీ ఉన్నదా, అందులో మన పిల్లల పేర్లు నమోదయ్యాయా అన్నది ముందు మనమే చూసుకోవాలి. రెండవది, మధ్యాహ్న భోజనం తర్వాత ఐదు నిమిషాలు పళ్ళు తోమించేందుకు ప్రతి కేంద్రానికీ బ్రష్‌లు, ఫ్లోరైడ్ పేస్టు సరఫరా చేయాలి; ప్రతి బిడ్డ బ్రష్ వేరుగా, పేరు రాసి ఉంచాలి. అధిక ఫ్లోరైడ్ నీరున్న ఊళ్ళలో నీటి పరీక్ష ముందు జరగాలి. మూడవది, ఆరోగ్య బృందం సందర్శనతో వార్నిష్ పూతను జతచేయాలి. నాలుగవది, పుచ్చు కనిపించిన, సీలెంట్ అవసరమైన పిల్లలను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలకు పంపే ఏర్పాటు ఉండాలి. హైదరాబాద్, విజయవాడ, కడపలలో అటువంటి కళాశాలలు ఉన్నాయి. ఐదవది, సూచనల పత్రాలు తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రాష్ట్రవ్యాప్తంగా రెండవ అధికార భాష. పేస్టు ఎంత వాడాలో చదివి తెలుసుకోలేని అమ్మమ్మకు, నానీమాకు ఆ మాట ఇంటి భాషలో చేరాలి.

మక్తబ్ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. చిన్నారులు మీ మాట వింటారు. పాఠం బాగా చెప్పినవారికి చాక్లెట్టు బదులు వేరుశనగలో, ఒక పండో ఇవ్వండి. మరీ చిన్నవారికి మాత్రం గింజలు ఇవ్వకండి, గొంతుకు అడ్డుపడతాయి.

తల్లులారా! ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే బిడ్డ పై పెదవి ఎత్తి చూడండి. తెల్లని చార కనిపిస్తే భయపడకండి, ఆలస్యమూ చేయకండి. పాలసీసాను రేపటి నుంచి తగ్గిస్తూ రండి. వచ్చేసారి వైద్యబృందం మీ అంగన్‌వాడీకి వచ్చినప్పుడు, 'మా పిల్లల పళ్ళు చూశారా, వార్నిష్ ఎప్పుడు పూస్తారు?' అని అడగండి. పదిమంది తల్లులు కలిసి అడిగితే ఆ ప్రశ్న పై అధికారి బల్ల దాకా వెళుతుంది.